మరల పలక పట్టుట

మృగశిర ప్రవేశించి తొలకరి పడినంతనే మా ప్రాంతపు రైతు నాగలి సవరించుకొనును. తల్లి పిల్లల పలకను వెదకును. రైతు నేల ఎంత తడిసినదో మట్టి పిడికిట పట్టి చూచిన పిమ్మటగాని దున్నడు. తల్లులమగు మనము ఆపాటి విచారణయైనను చేయము. ఈ మాట పరులనుద్దేశించినది కాదు. 2020వ సంవత్సరము జూను నెలలో మెట్‌పల్లిలోని మా యింటి వసారాలో నేను చేసిన పనినిగూర్చియే వ్రాయుచున్నాను.

ఆ యేటి సంగతి చదువరులెరిగినదే. కరోనా మహమ్మారి వలన మార్చి నడుమ బడులు మూతపడినవి. కోరుట్ల దాపున నున్న మా పుట్టినింటికి నాలుగునాళ్లకని వెళ్లిన పిల్లలు, రాకపోకలు నిలిచిపోగా నచ్చటనే యుండిపోయిరి. మే 19న జిల్లాలలో బస్సులు తిరిగి నడచిన పిమ్మటగాని వారిని తెచ్చుకొనుటకు వీలుపడలేదు. ఆ రెండు నెలలు వారికి గడియారముతో పనిలేదు. పసుపు ఉడికించి కళ్లములో ఆరబోయుట చూచిరి. తోటలో రాలిన కాయలేరిరి. రాత్రులు డాబాపై చాపలు పరచుకొని అమ్మమ్మచేత కథలు చెప్పించుకొనిరి. అమ్మాయికి ఏడేండ్లు, ఒకటవ తరగతి ముగియకమునుపే బడి మూసిరి. పిల్లవానికి నాలుగున్నర.

ఇంటిబడి మేము కోరి పెట్టుకొన్నది కాదు. సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరిలోను టీశాట్‌లోను పాఠములు మొదలైనప్పుడును అవి మూడవ తరగతి మొదలు పైవారికే. అంతకు చిన్నవారి చదువు గృహముల పాలయ్యెను. ప్రాథమిక పాఠశాలల తలుపులు మరల తెరచునప్పటికి 2021 సెప్టెంబరు వచ్చినది. కావున ఆ వసారాయే పదునైదు నెలలు మా బడి.

జూను 12 మన రాష్ట్రమున సాధారణముగా బడులు తెరచు దినము. నాటి యుదయముననే యొక కాలపట్టిక వ్రాసి గోడకంటించితిని. ఎనిమిది మొదలు పదకొండు వరకు తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు. మధ్యాహ్నము మరల రెండు గంటలు. పోయిన కాలమును వడ్డీతో గూడ రాబట్టదలచిన షావుకారువలె కూర్చుంటిని. అమ్మాయి వత్తులన్నియు మరచియుండెను. మూడవనాడు 'అక్క' యనుటకు మూడు మారులు 'అక' యనియే వ్రాసెను. స్కేలుతో అరచేతిపై నొకటి వేసితిని. దెబ్బ పెద్దది కాదని నాకు నేనే చెప్పుకొంటిని. మరునాటి యుదయము పలక ముందుంచుకొని, బలపము పట్టక, చేయి చాచి, "ముందుగాల్నే కొట్టమ్మా, తర్వాత రాస్త" అనెను.

పూర్వపు వీథిబడులలోని కోదండమును, తొడపాశమును తలచుకొని మనమెంతయో ఏవగించుకొందుము. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో పిల్లలను కొట్టుటను నిషేధించినది. ఇంటి వసారాయే బడియైననాడు ఏ తనిఖీ అధికారి వచ్చి చూచును? చదువుకొన్న తల్లిననెడి గర్వము నాకుండెను గనుక ఆ ప్రశ్న నన్ను మిక్కిలి బాధించినది.

మా అత్తగారు అక్షరము లెరుగరు. ఆ సాయంకాలము చేటలో బియ్యము చెరుగుచు, "కోడెను మొదటి దినమే బరువు బండికి కడ్తరా బిడ్డా? మొదలు ఉత్త కాడి మెడ మీద పెట్టి నాలుగడుగులు నడిపిస్తరు. మీ మామ గట్లనే చేస్తుండె" అనిరి. గుజరాతునందలి భావనగరమున 1920లో బాలమందిరము నెలకొల్పిన గిజుభాయి బధేకా వ్రాసిన 'దివాస్వప్న' నాకప్పుడు జ్ఞప్తికి వచ్చినది. అందలి యుపాధ్యాయుడు ఎన్నియో యుపాయములు తలపోసికొని తరగతికి పోవును. మొదటినాడు పిల్లలెవ్వరును లోబడరు. పిమ్మట అతడు పాఠము మాని కథ చెప్పుటతో ప్రారంభించును. ఆ పుస్తకము నా బీరువాలో నుండియు నాకు పనికిరాలేదు. అత్తగారి కోడె పనికివచ్చినది.

కాలపట్టికను చింపివేసితిని. ఒక వారము దినములు అరగంటకు మించి కూర్చుండబెట్టలేదు. అదియు ఉదయపు ఫలహారము ముగిసిన వెంటనే, వారి మనస్సు వీథివైపు మరలకముందే. నిద్ర లేచు వేళను రెండుమూడు దినముల కొకమారు పావుగంట చొప్పున ముందునకు జరిపితిని. పిల్లవాడు ఊరినుండి మొలకెత్తించుటకని మామిడి టెంకల సంచి తెచ్చుకొనియుండెను. వానిని పదేసి కుప్పలుగా పెట్టించి లెక్కించితిమి. పండ్రెండు దాటిన పిమ్మట వాడు సొంత సంఖ్యలు కల్పించుచుండెను. దిద్దలేదు, కొన్నాళ్లకు అక్కను విని తానే దిద్దుకొనెను.

అమ్మాయికి పాఠము చెప్పుట పూర్తిగా మానితిని. "అమ్మమ్మకు ఉత్తరం రాస్తవా?" అని మాత్రమడిగితిని. ఆ మాటలోనే రెండు వత్తులున్నవని నేను ముందుగా తలచుకొన్నదానను గాను. 'అమమ' యని వ్రాసి, చదివి, "గిది అమ్మమ్మ కాదు" అని తుడిచివేసి, వత్తు ఎట్లు వ్రాయవలెనని తానే వచ్చి అడిగెను. రెండవ వత్తు పెద్దదై క్రింది పంక్తిలోనికి దిగినది. ఆ కాగితము నట్లే కవరులో పెట్టి పోస్టు చేసితిమి. కొన్నిదినములకు మా యమ్మ ఫోను చేసి, పొరుగింటి పిల్లవాడు చదివి వినిపించినాడని చెప్పినది. అటుపిమ్మట వారమునకొక యుత్తరము. మామిడి, కుక్కపిల్ల, మబ్బు, అన్నియు వచ్చెను. గంట, గంటన్నర కూర్చుండుటకు నేను చెప్పవలసిన పనిలేకపోయెను.

ఆషాఢము ముగియకముందే వత్తులన్నియు తిరిగివచ్చినవి. కాని పలక తుడుచుటకు నేను చేయి చాపినప్పుడెల్ల అమ్మాయి తన చేతిని చటుక్కున వెనుకకు లాగుకొనుచుండెను. అది బతుకమ్మ పండుగ దాక పోలేదు.