ఫేవా తీరాన సారంగి

నేపాల్‌లోని పోఖరా గురించి ఎవరు రాసినా కొండతోనే మొదలుపెడతారు. ఆ ఊళ్లో అడుగుపెడితే కారణం తెలుస్తుంది. సముద్రమట్టానికి సుమారు 800 మీటర్ల ఎత్తులో, అరటిచెట్లు గెలలు వేసే పెరట్లో నిలబడి తలెత్తితే, 30 కిలోమీటర్ల లోపు దూరంలోనే 6,993 మీటర్ల మఛాపుఛ్రే మంచు కప్పుకుని కనిపిస్తుంది. 1957లో ఒక బ్రిటిష్ బృందం దాని కొసకు కొద్ది దూరం దాకా వెళ్లి వెనుదిరిగింది. ఆ తర్వాత నేపాల్ ప్రభుత్వం ఆ కొండ ఎక్కడాన్ని నిషేధించింది. చుట్టుపక్కల ఉండే గురుంగ్ జాతివాళ్లకు అది పవిత్రమైన కొండ.

అయితే మావారూ నేనూ మళ్లీ పోఖరా వెళ్లింది కొండ కోసం కాదు, ఒక వాద్యం కోసం.

మొదటిసారి ముక్తినాథ్ వెళుతూ అక్కడ ఆగాం. వైష్ణవుల 108 దివ్యదేశాల్లో ఒకటైన సాలగ్రామ క్షేత్రం అదే కావడంతో తెలుగు యాత్రికులు ఏటా ఆ దారిన వెళుతుంటారు. వాళ్లలో చాలామందికి పోఖరా ఒక రాత్రి మజిలీ. ఆ సాయంత్రం ఫేవా చెరువుగట్టు మీద భుజానికి సంచి తగిలించుకున్న ఒకతను నిలబడి సారంగి వాయిస్తున్నాడు. విదేశీయులు అడిగితే అందరికీ తెలిసిన ‘రేశమ్ ఫిరిరి’ వాయించాడు. వాళ్లు వెళ్లిపోయాక, ఎవరూ అడగకుండానే, తనకోసం తాను మరొక పాట అందుకున్నాడు. మావారిది పాలమూరు వైపు. చిన్నప్పుడు ఊరికి వచ్చే డక్కలివాళ్ల కిన్నెర వింటూ, పండుగ సాయన్న కథ వింటూ పెరిగిన మనిషి. ఆ పాట అయిపోయేదాకా అక్కణ్నుంచి కదల్లేదు. మర్నాడు తెల్లవారుజామునే ముక్తినాథ్ దారిలోని జోమ్‌సోమ్‌కి జీపు ఎక్కేశాం. ఆ పాట ఏమిటో, ఆ మనిషి ఎవరో తెలుసుకోకుండా వచ్చామన్న వెలితి కొన్నేళ్లు ఉండిపోయింది.

ఊరి చరిత్ర రెండు మాటల్లో చెప్పేయొచ్చు. ఇది ఒకప్పటి కాస్కీ రాజ్యం. 18వ శతాబ్దం చివర్లో గోర్ఖా రాజ్యంలో కలిసింది. టిబెట్ ఉప్పు, కొండల ధాన్యం చేతులు మారే సంతగా పెరిగింది. భక్తపూర్ నుంచి వచ్చిన నేవార్ వర్తకుల ఇటుక ఇళ్లు పాత బజారులో ఇంకా కొన్ని మిగిలున్నాయి. 1960ల చివరిదాకా ఇక్కడికి మోటారు రోడ్డు లేదు. ఆ తర్వాత వచ్చిన సిద్ధార్థ, పృథ్వీ రాజమార్గాలు ఊరిని మార్చేశాయి.

నేను చెప్పదలచుకున్నది, ఆ పాటని వెతుక్కుంటూ రెండోసారి వెళ్లిన బటులేచౌర్ గురించి. నగరానికి ఉత్తరాన, మహేంద్ర గుఫా ఉన్న పేట అది. బస్సులు గుహ దగ్గర ఆగుతాయి. జనం టార్చిలైట్లతో లోపలికి వెళ్లొచ్చి, తిరిగి బస్సెక్కేస్తారు. ఆ పక్కనే గంధర్వుల ఇళ్లున్నాయి. ఒకప్పుడు వాళ్లని గాయినేలు అనేవారు. తరతరాలుగా ఊరూరా తిరిగి పాడి, ధాన్యం అడుక్కుని బతికిన దళితులు. వార్తాపత్రిక లేని కొండల్లో ఎక్కడ యుద్ధం జరిగిందో, ఏ రాజు గెలిచాడో వీళ్ల నోటి నుంచే జనానికి తెలిసేది. వీరుల కథల్ని ‘కర్ఖా’ అంటారు. శుభకార్యాలకు మంగళగీతాలు వేరే ఉన్నాయి. మంగళం పాడడానికి వాళ్లు కావాలి, గడప మాత్రం దాటనిచ్చేవారు కాదు. మన కిన్నెరవాళ్ల సంగతి తెలిసిన మావారికి ఇది ఎవరూ వివరించి చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఒక ఇంటి అరుగు మీద ముసలాయన ఉలితో కొయ్యని తొలుస్తున్నాడు. మావారు ఆయన్ని ‘బాజే’ అని పలకరించారు. తాత వయసువాళ్లని అక్కడ అలాగే పిలుస్తారు. ఆయన నన్ను ‘బహినీ’ అంటూ పీట చూపించాడు. అతుకులు లేకుండా ఒకే ఖిర్రో చెట్టు దుంగలోంచి సారంగి తయారవుతుంది. కింది సగానికి మేకతోలు బిగిస్తారు, పై సగం తెరిచే ఉంటుంది. తీగలు నాలుగు. పూర్వం గొర్రెపేగుతో పేనేవారు, ఇప్పుడు నైలాన్ వచ్చింది. వాద్యాన్ని ఒళ్లో నిలబెట్టుకుని, కుడిచేత్తో కమాను లాగుతూ, ఎడమచేతి గోళ్లని తీగ పక్కన ఆనించి స్వరం పలికిస్తారు. తీగని పైనుంచి నొక్కరు. స్వరం జారుతూ, గొంతు జీరపోయినట్టు వినిపించేది అందువల్లే.

చెరువుగట్టు పాటని మావారు కూనిరాగంగా వినిపించారు. బాజే వెంటనే గుర్తుపట్టి, ఉలి పక్కన పెట్టి కమాను అందుకున్నాడు. ఈ బటులేచౌర్‌లోనే 1935లో పుట్టిన ఝలక్‌మాన్ గంధర్వ పాట అది. రేడియో నేపాల్ ద్వారా గంధర్వుల గొంతు దేశమంతా వినిపించింది ఆయనతోనే. యుద్ధభూమిలో ప్రాణం పోతున్న సైనికుడు, ఇంటికి వెళ్లే తోటివాళ్లకి సందేశం చెప్పి పంపుతాడు. అమ్మ అడిగితే ఏమనాలి, నాన్న అడిగితే ఏమనాలి, భార్య అడిగితే ఏమనాలి... ఒక్కొక్కరికీ ఒక్కో మాట. బాజే అర్థం చెబుతూ, ఆగుతూ పాడాడు. భార్య వంతు వచ్చేసరికి మావారు నా చెయ్యి పట్టుకున్నారు.

ఈ పాట ఇక్కడే ఎందుకు పుట్టిందో ఊరు చూస్తే తెలుస్తుంది. కాస్కీ, స్యాంగ్జా, లమ్‌జుంగ్ కొండల్లోని గురుంగ్, మగర్ కుర్రాళ్లు రెండు ప్రపంచయుద్ధాల్లోనూ గోర్ఖా దళాల్లో చేరి వెళ్లారు. తిరిగిరానివాళ్లు ఎందరో. భారత సైన్యంలో పనిచేసి రిటైరైనవాళ్ల కోసం మన ప్రభుత్వం నడిపే పింఛను కార్యాలయం ఇప్పటికీ పోఖరాలో ఉంది. ఈ తరం కుర్రాళ్లు ఖతర్‌కీ మలేషియాకీ పోతున్నారు. సారంగి పాటల్లోకి ఇప్పుడు విమానాశ్రయమూ వచ్చింది. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని తన వలసల్ని చెప్పుకున్న తెలంగాణలో ఏ తల్లి విన్నా ఈ పాట అర్థమవుతుంది. అందుకే అంటాను, పోఖరా చరిత్ర మ్యూజియంలో కన్నా ఈ నాలుగు తీగల మీద ఎక్కువ దొరుకుతుంది.

ఇక చెరువు. రంగులు పూసిన చెక్క పడవల్ని ‘డుంగా’ అంటారు. తెడ్డు వేసేవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. నడుమ దిబ్బ మీద తాల్ బరాహీ అమ్మవారి గుడి ఉంది, శనివారాలు జాతరగా ఉంటుంది. గాలి లేవకముందే, పొద్దున్నే వెళితే మఛాపుఛ్రే నీళ్లలో తలకిందులుగా కనిపిస్తుంది. హర్పన్ వాగు మోసుకొచ్చే ఒండ్రుతో ఫేవా ఏటేటా కుంచించుకుపోతోంది, గుర్రపుడెక్క కూడా అల్లుకుంటోంది. పడవలవాళ్లే దాన్ని లాగి గట్టున పోయడం చూశాం. చెరువు నుంచి పొర్లే నీరు పాతాలే ఛాంగో దగ్గర నేలలోకి దూకి మాయమవుతుంది. రోడ్డు దాటి గుప్తేశ్వర్ గుహలోకి దిగితే ఆ నీళ్లే మళ్లీ కనిపిస్తాయి.

తిండి విషయంలో థకాలీ జాతివాళ్ల భోజనశాలలే మా ఎంపిక. మినప్పప్పుకి నేతిలో జింబు అనే ఎండు ఆకుతో తాలింపు పెడతారు. దానికి తోడు పులియబెట్టిన ఆకుకూర గుంద్రుక్, ఏదో ఒక అచార్. అన్నం వద్దంటే ‘ఢిఁడో’ తెస్తారు. చోడిపిండినో బక్‌వీట్ పిండినో మరిగే నీళ్లలో గెలికి చేస్తారు, అచ్చం మన సంగటే.

సారంగ్‌కోట్ మీద సూర్యోదయం, కొండమీది శాంతి స్తూపం, టిబెటన్ శరణార్థుల తివాచీలు అన్నీ చూడదగ్గవే. బేగ్నాస్ తాల్‌లో రద్దీ తక్కువ.

మనకి వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టుగానీ ఓటరు కార్డుగానీ ఉండాలి. గోరఖ్‌పూర్ దాకా రైల్లో వెళ్లి, సునౌలీ దగ్గర సరిహద్దు దాటి బస్సెక్కొచ్చు. కాఠ్మాండూ నుంచి రోడ్డు 200 కిలోమీటర్లు. మన రూపాయికి 1.60 నేపాలీ రూపాయలు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఆకాశం తేటగా ఉంటుంది. సారంగి కొనాలనుకుంటే లేక్‌సైడ్ దుకాణాల్లో కాకుండా బటులేచౌర్ వెళ్లి కొనండి. డబ్బు ఇచ్చేముందు, చేసినవాళ్లనే ఒక పాట వాయించమని అడగండి.