తెరచాప కొయ్య

పాపికొండల నడుమ గోదావరి ఒడ్డున ఉన్నన్నాళ్ళూ మాకు చిన్న పడవ ఉండేది. వేసవిలో దక్షిణపు గాలి తోలితే తెడ్లు పక్కన పెట్టి చాప ఎత్తేవాళ్ళం. ఏటికి ఎదురెక్కడానికి ఆ గాలే సాయం.

చాప కట్టే కొయ్య వెదురుదే. ఒక ఏడు అది మొదట్లో విరిగింది. తాత ఊళ్ళో లేడు. మేము కుర్రాళ్ళం కొండెక్కి, నున్నగా పచ్చగా ఉన్న బొంగు నరికి తెచ్చి నిలబెట్టేశాం. కొన్నాళ్ళకే అది ముడతలు పడింది. గణుపుల దగ్గర తెల్లపొడి రాలింది. పురుగు పట్టిందని మాకు తెలియలేదు. ఒకరోజు నడి ఏట్లో చాపతో సహా ఒరిగితే మా చెల్లెలు నీళ్ళలో పడింది. ఈత వచ్చు కాబట్టి బతికింది.

తాత తిట్టలేదు. మమ్మల్ని వెదురు పొద దగ్గరికి తీసుకెళ్ళాడు.

"దీనికింకా పొరలు ఊడలేదు, చూశారా? ఇది పసిబిడ్డరా" అన్నాడు.

మూడేళ్ళు దాటిన బొంగుకు పొరలుండవు. పచ్చదనం తగ్గి, మీద బూడిదరంగు మచ్చలు వస్తాయి. కత్తి వెనక్కి తిప్పి కొడితే ఖంగుమంటుంది. వానలు వెళ్ళాక చలికాలంలో నరకాలి. కొన్ని వారాలు ఏట్లో ముంచితే లోపలి తీపి నీళ్ళలో కలిసిపోతుంది, పురుగుకు తిండి ఉండదు. ఆ తర్వాత నీడలో ఆరబెట్టాలి. అంటే వచ్చే ఏటి కొయ్య ఈ ఏడే సిద్ధమవ్వాలి.

కొస గణుపు దగ్గర కోస్తే బొంగులోకి వాన దిగదు. తాడు గణుపు పైన కడితే కిందికి జారదు. కొయ్య కూర్చునే గుంటలో నీరు నిలవకూడదు, మొదట కుళ్ళేది అక్కడే. వానాకాలానికి ముందే దించి, నేల తగలకుండా చూరు కింద పెట్టాలి. చీలిక కనబడగానే తాడుతో బిగించి చుట్టాలి.

పోలవరం ముంపుతో మేము కాలనీకి వచ్చేశాం. పడవ లేదు. చివరి కొయ్య ఇప్పుడు బట్టలు ఆరేసే దండెం.

2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. కానీ ఏది నరకాలో, ఏది వదలాలో మా పిల్లలకు తెలియకపోతే ఆ హక్కుతో పొదనే పోగొట్టుకుంటాం. లేత బొంగును వదిలితేనే కదా పొద నిలిచేది!

మాస్టార్లూ, పిల్లల్ని ఒక్కసారి పొద దగ్గరికి తీసుకెళ్ళండి. ముందు నడవడానికి మా తాతలు ఇంకా ఉన్నారు. ఈ చలికాలమే వెళ్దాం.