తంబున్ గుహలో ఎర్రబొమ్మలు

తంజోంగ్ పగార్ అనగానే సింగపూర్ పాతకాపులకు రైల్వే స్టేషన్ గుర్తొస్తుంది. 1932లో తెరిచిన ఆ స్టేషన్ నుంచి 2011 జూన్ 30న ఆఖరి రైలు వెళ్ళింది. ఆ పట్టాల వెంబడే కౌలాలంపూర్ దాటాక వచ్చే ఊరు ఇపో. స్కూలు సెలవుల్లో మేం బస్సులో వెళ్ళాం.

ఇపో శివార్లలోని సున్నపురాయి కొండలో ఉంది గువా తంబున్. 1959లో గూర్ఖా దళానికి చెందిన రాలింగ్స్ అనే లెఫ్టినెంట్ ఇక్కడి బొమ్మలను కనుగొన్నాడు. గుహ అంటే చీకటి కాదు, కొండచరియ నీడే. మెట్లెక్కి తలెత్తితే చాలు, మనుషులు, జింకలు, సముద్రంలో తిరిగే డుగాంగ్‌ను పోలిన జీవి కనిపిస్తాయి. అన్నీ ఇనుపరాయి ఎరుపే, వేల ఏళ్ళ నాటివే. మన కడప జిల్లా చింతకుంటలో, భూపాలపల్లి దగ్గరి పాండవుల గుట్టల్లో కూడా ఇలాంటి ఎర్రబొమ్మలున్నాయి.

"వేసినవాళ్ళు పేర్లు రాసుకోలేదా నాన్నా?" అంది మా అమ్మాయి. వాళ్ళు రాసుకోలేదు. చూడవచ్చినవాళ్ళు మాత్రం చేతికందిన గోడ మీదల్లా తమ పేర్లు గీకిపోయారు.

మా కంప్యూటర్లలో ఏది చెరిగినా బ్యాకప్ ఉంటుంది. ఈ గోడకు లేదు. ఇపో తెల్లకాఫీ కోసం వెళ్ళేవాళ్ళు ఒక పూట ఇటూ వెళ్ళిరండి. మంచినీళ్ళు, బూట్లు మరవకండి. పిల్లల చేతిలో పెన్నులుంటే మాత్రం కిందే వదిలి రండి.