బిదియా దారిలో స్టీరింగు వణుకు

ఒమన్‌లో శుక్రవారం వస్తే మన తెలుగు కుటుంబాలు పులిహోర డబ్బాలు సర్దుకుని బిదియా ఇసుకతిన్నెలకో, వాదీ బనీ ఔఫ్‌కో బయల్దేరతాయి. సెలవులయ్యాక ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు: "అన్నా, బండి తిన్నగా పోవట్లేదు. వంద దాటితే స్టీరింగు వణుకుతోంది." నేను ముందుగా అడిగేది గాలి గురించే. ఎంత ఉంది, టైరు చల్లగా ఉన్నప్పుడు చూశావా అని.

ఇసుకలోకి దిగేముందు 35 పీఎస్‌ఐ ఉన్న గాలిని 15-18కి దించుతాం. అప్పుడు టైరు పొడుగ్గా పరుచుకుని ఇసుకలో కూరుకోకుండా తేలుతుంది. తారురోడ్డెక్కాక మళ్లీ నింపాలి. బిదియాలో టైరు షాపులు అందుకే ఉన్నాయి. పిల్లలు నిద్రపోతున్నారనో, షాపు దగ్గర వరస ఉందనో "ఇబ్రాలో నింపుకుందాంలే" అని 120లో వెళ్తే, చుట్టుచుట్టుకూ పక్కగోడ నలిగి లోపల కాగిపోతుంది. ఆ దెబ్బ వెంటనే కనబడదు. కొన్ని వారాలకు ఉబ్బుగా తేలుతుంది, లేదా నిండు వేగంలో పేలుతుంది. వేడెక్కిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తోందని తీసేయడమూ ప్రమాదమే. ఉష్ణోగ్రత సుమారు ఆరు డిగ్రీలు పెరిగితే ఒక పీఎస్‌ఐ పెరగడం సహజం.

గాలి సరిగా ఉన్నా వణుకుతుంటే రిమ్ము లోపలి వైపు టార్చి వేసి చూడాలి. వాదీలో అంటిన బురద అక్కడ ఎండి గట్టిపడితే చక్రం తూకం తప్పుతుంది. చాలా వణుకులు ప్రెషర్ వాటర్‌తో కడగగానే పోతాయి. వీల్ బ్యాలెన్సింగ్ ఆ తర్వాతి మాట.

మస్కట్‌లో టైరు షాపులో పనిచేసే జగిత్యాల తమ్ముడొకడు ఉన్నాడు. "పార్టుల సంగతి ఎనుక జూద్దాం అన్నా, ముందుగాల టైరు మీద చెయ్యి పెట్టి జూడు" అంటాడు. చెయ్యి ఒకవైపు జారి, తిరుగుదారిలో రంపపు పళ్లలా గుచ్చుకుంటే టో అలైన్‌మెంట్ తప్పినట్టు. నడుమ అరిగితే గాలి ఎక్కువ, రెండంచులూ అరిగితే తక్కువ. గుంటలు గుంటలుగా తింటే షాక్ అబ్జార్బర్లు అయిపోయినట్టే. పెద్ద టైర్లు వేసినవాళ్లకు అతను సుద్దముక్కతో ట్రెడ్ మీద అడ్డంగా గీత గీసి, బండిని కొంతదూరం తిన్నగా నడిపిస్తాడు. నడుమ మాత్రమే చెరిగితే గాలి తగ్గిస్తాడు, అంచులే చెరిగితే పెంచుతాడు. ఇంత నమ్మకమైన పరీక్షకు అయ్యే ఖర్చు ఒక్క సుద్దముక్క!

నాకు నిజంగా భయం వేసేది మరో వణుకు. ముందు కూడా సాలిడ్ యాక్సిల్ ఉన్న బండిని రెండంగుళాలు ఎత్తు పెంచుతారు. దాంతో క్యాస్టర్ కోణం తగ్గి, స్టీరింగు తనంతట తాను నడిమికి వచ్చే గుణం సన్నగిల్లుతుంది. దానికి పాన్‌హార్డ్ రాడ్ బుష్‌లు అరిగిపోవడం తోడైతే, 80లో చిన్న గతుకు తగిలినా ముందు చక్రాలు రెండూ పిచ్చిగా ఊగుతాయి; వేగం బాగా తగ్గించేదాకా ఆగవు. అలాంటి బండికి కొత్త స్టీరింగ్ డ్యాంపర్ వేసి పంపే గ్యారేజీలున్నాయి. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మాత్ర మింగించడమే అది. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఒకరు స్టీరింగును అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతుంటే ఇంకొకరు కింద నుంచి రాడ్ చివరలు చూడాలి. బోల్టు దగ్గర ఆట కనబడితే అక్కడే పట్టుకోవచ్చు. ఆ బండిలో వెనక సీట్లో పిల్లలు కూర్చుంటారు కాబట్టి ఈ పరీక్ష చేయని గ్యారేజీకి మళ్లీ వెళ్లొద్దని గట్టిగానే చెబుతాను.

చివరగా, టైరు పక్కగోడ మీద డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు. 2318 అంటే 2018లో 23వ వారంలో తయారైందని. గల్ఫ్ ఎండకు రబ్బరు ట్రెడ్ అరగకుండానే ముసలిదవుతుంది. నాలుగు టైర్లూ చూశాక వెనక తలుపుకు వేలాడే స్టెప్నీ తేదీ కూడా చదవమంటాను. చాలా బండ్లలో అదే అన్నిటికన్నా పాతది.