ట్రౌట్‌బెక్ లోయలో ఒక రైతు ఇల్లు

చరిత్ర అనగానే మన విద్యార్థుల మనస్సులో మెదిలేవి కోటలు, మహళ్లు, సమాధులు. ఒక రైతు ఇల్లు చూడడానికి ఎవరు పోతారు? నేను ఇంగ్లండు వెళ్ళినప్పుడు బంధువులు లండను నగరంలోని రాజభవనాలు చూపిస్తామన్నారు. నేను మాత్రం ఉత్తరాన కంబ్రియా సరస్సుల సీమకు పోయి, విండర్‌మియర్ సమీపాన ట్రౌట్‌బెక్ అనే కొండపల్లెలో గల ‘టౌన్‌ఎండ్’ అనే ఇంటిని చూచి వచ్చాను.

1626 ప్రాంతంలో జార్జి బ్రౌన్ అనే రైతు కట్టించుకొన్న ఇల్లది. గోడలు కొండరాతివి, పైన తెల్లని సున్నం. కప్పు పలకరాతిది, చూరు దగ్గర పెద్ద పలకలు, కొప్పు వైపు పోయేకొద్దీ చిన్నవి. అన్నిటికన్న నన్నాకర్షించినవి పొగగొట్టాలు. అవి స్తంభాల వలె గుండ్రంగా ఉంటాయి. అక్కడి రాయి పలకలుగా చీలుతుంది గాని, మూలలు తీర్చడానికి సులభంగా లొంగదు. మూలలే లేని ఆకారం గుండ్రమే గదా! కవి వర్డ్స్‌వర్త్ ఆ సీమను గురించి వ్రాసిన మార్గదర్శినిలో ఈ పొగగొట్టాలను ప్రత్యేకంగా మెచ్చుకొన్నాడు. మనం అందమని మెచ్చుకొనేది ఒక్కొక్కప్పుడు తాపీ మేస్త్రీ పడిన ఇబ్బందిలో నుండి పుడుతుంది.

లోపల ముఖ్యమైన గదికి ‘ఫైర్‌హౌస్’ అని పేరు, అనగా నిప్పు గల గది. మన పాత హవేలీలలో వలె దీవానుఖానా, జనానా అన్న విభజన అక్కడ లేదు. ఇంటిల్లిపాదీ ఆ పొయ్యి చుట్టూనే కూర్చునేవారు. కొయ్య సామాను మీది చెక్కడాలన్నీ ఇంటితోపాటు పుట్టినవనిపిస్తుంది. కాని వాటిలో చాలా భాగం 1834–1914 మధ్య జీవించిన మరొక జార్జి బ్రౌన్ పాత పద్ధతిలో స్వయంగా చెక్కినవి. పండితులకిది చిక్కు కావచ్చు, నాకు మాత్రం ముచ్చట వేసింది. దారికి అవతల కొండవాలున పెద్ద కొట్టం. క్రింద పశువులు, పైన ఎండుగడ్డి. బండి ఎత్తుదారిన నేరుగా పై అంతస్తులోకే పోతుంది.

సామాన్య రైతు ఇంత గట్టి కట్టడానికి ఎలా సాహసించాడు? స్కాట్లండు సరిహద్దును కాపాడే బాధ్యతకు ప్రతిఫలంగా అక్కడి కౌలుదారులకు భూమిపై వంశపారంపర్య హక్కు ఉండేది. 1603లో రెండు రాజ్యాలకు ఒకే రాజు రావడంతో, ఆ కాపలా ఇక అక్కరలేదు గనుక హక్కు కూడ చెల్లదన్న వాదం బయలుదేరింది. రైతులు లొంగలేదు. 1625లో స్టార్ ఛాంబర్ న్యాయస్థానం కెండల్ ప్రాంతపు రైతుల హక్కును నిలబెట్టింది. ఆ మరుసటి ఏడే టౌన్‌ఎండ్! ఈ రెండు సంవత్సరాల పొందిక కేవలం కాకతాళీయమని నేను నమ్మలేను. రేపు పొమ్మంటే పోవలసిన వాడు మట్టిగోడతో సరిపెట్టుకొంటాడు. మనుమడు కూడ ఇక్కడే ఉంటాడన్న ధీమా గలవాడే రాతికి డబ్బు పోస్తాడు.

ఆ ధీమా వమ్ము కాలేదు. 1943 వరకు బ్రౌన్ వంశమే అక్కడ నివసించింది. 1948లో ఇల్లు నేషనల్ ట్రస్టు సంరక్షణలోకి వచ్చింది. పుస్తకాల గదిలో నేను చాలాసేపు నిలబడిపోయాను. సేద్యం చేసుకొనే ఆ కుటుంబం తరతరాలుగా కూడబెట్టిన గ్రంథాలు సుమారు 1,500. వాటిలో సంతలలో అమ్మిన చౌక కథల పుస్తకాలూ ఉన్నాయి. కొన్నింటికి ప్రపంచంలో మరెక్కడా రెండవ ప్రతి లేదట.