ముద్దాయి ఎవరు?

న్యాయస్థానాల ద్వారా తెలుగులో చేరిన ఉర్దూ మాటలు తక్కువేమీ కావు. వకీలు, వాయిదా, జామీను, రాజీ, తాఖీదు – ఇవన్నీ గోదావరి ప్రాంతపు రైతు నోట సొంత మాటలుగానే పలుకుతాయి. ఒక్క మాట మాత్రం దారిలో తలక్రిందులైంది. ఉర్దూలో 'ముద్దయీ' అంటే ఫిర్యాదు చేసినవాడు. తెలుగులో 'ముద్దాయి' అంటే నేరం మోపబడినవాడు. అర్థవిపరిణామం బోధించేటప్పుడు ఈ ఉదాహరణ చెప్పి విద్యార్థులను నవ్వించడం మాకు అలవాటు. 2024 చివరలో జరిగిన ఒక సంఘటన తరువాత మాకు ఆ నవ్వు రావడం లేదు.

మా వీధిలో వృద్ధుడైన దర్జీ ఒకరున్నారు. అందరికీ ఆయన చాచా. ప్రహరీగోడ తగాదాలో పొరుగువారు ఆయనపై ఫిర్యాదు చేశారు. హాజరు కావలసిందిగా పోలీసుల తాఖీదు మనుమడి ఫోనులోని వాట్సాప్‌కు వచ్చింది. కుర్రవాడు మూడు రోజులకు గాని దానిని చూడలేదు. చదివించుకొని విన్న చాచా నిశ్చింతగా కుట్టుమిషను ముందు కూర్చున్నారు. మేము కంగారుపడి అడిగితే, "నన్ను ముద్దాయి అనే రాశారు గదా మాస్టారూ! ఫిర్యాదు నాదైతే నాకేం భయం?" అన్నారు. గడువు మరునాటితో తీరిపోతుంది.

ఆ సాయంత్రమే ఆయనను వెంటబెట్టుకొని రాజమహేంద్రవరంలో ముద్దాయిల పక్షాన వాదించే ఒక ప్లీడరుగారి వద్దకు వెళ్లాం. తాఖీదు ప్రకారం హాజరైతే సాధారణంగా అరెస్టు ఉండదనీ, హాజరు కాకపోతే ఆ కారణంగానే అరెస్టు చేయవచ్చుననీ ఆయన వివరించారు. అప్పుడు గాని చాచా ముఖంలో రంగు మారలేదు.

మాటల మధ్య ప్లీడరుగారు ఈ తాఖీదు పుట్టుక చెప్పారు. ఏడేళ్ల వరకు శిక్ష పడదగిన నేరాలలో పోలీసుల అరెస్టు అధికారానికి హద్దులు పెడుతూ, తాఖీదు పద్ధతిని తెస్తూ 2008లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌ను సవరించారు. 2009లో దేశంలో పలుచోట్ల న్యాయవాదులు దీనిని వ్యతిరేకించి విధులు బహిష్కరించారు. అప్పుడు మేము డిగ్రీ విద్యార్థులం. "అరెస్టులు తగ్గితే జామీను ఫీజులు తగ్గుతాయి, అందుకే ఈ గోల" అని వెటకారమాడినవారిలో మేమూ ఉన్నాం. కాని వారి అభ్యంతరం అంతమాత్రమే కాదు. ఎవరిని పట్టుకోవాలో, ఎవరిని వదలాలో పోలీసుల ఇష్టానికి విడిచిపెడితే పలుకుబడి గలవాడే తప్పించుకుంటాడని వారి వాదన. ప్రభుత్వం ఆ నిబంధనల అమలును ఆపింది. 2010లో మరొక సవరణ వచ్చింది: అరెస్టు చేసినా, చేయకపోయినా కారణం వ్రాసి పెట్టాలి. ఆ తరువాతనే, 2010 నవంబరు 1 నుండి, ఆ నిబంధనలు అమలయ్యాయి.

2024 జూలై 1న భారతీయ నాగరిక సురక్షా సంహిత పాత కోడ్ స్థానంలోకి వచ్చింది. తాఖీదు పద్ధతి అందులోనూ నిలిచింది. అయితే దానిని ఫోనులో పంపవచ్చునా అన్న ప్రశ్న లేచింది. సుప్రీంకోర్టుకు సహాయకులుగా ఉన్న సీనియర్ న్యాయవాది సిద్ధార్థ లూథ్రా ఈ లోపాన్ని ఎత్తిచూపగా, వాట్సాప్ వంటి సాధనాల ద్వారా ఈ తాఖీదులు అందజేయరాదని 2025 జనవరి 21న ధర్మాసనం ఆదేశించింది. ఆ వార్త చదివినపుడు మాకు చాచా మనుమడి ఫోను గుర్తుకు వచ్చింది.

న్యాయవాదుల మాట ప్రతిసారీ నిస్వార్థమని మేము అనము. కాని నియమం వ్రాసేవాడు కాగితాన్ని చూస్తాడు. ముద్దాయి ప్రక్కన నిలబడేవాడు ఆ కాగితం అందుకొన్న మనిషిని చూస్తాడు. నియమం ఎక్కడ విరుగుతుందో ముందుగా తెలిసేది రెండవవానికే. కనుక నియమాలు మార్చబోయే ముందు అతని మాట వినడం దయ కాదు, వివేకం.

మరునాడు చాచా ప్లీడరుగారితో వెళ్లి, వాఙ్మూలమిచ్చి, మధ్యాహ్నానికి ఇంటికి వచ్చారు. గోడ తగాదా ఇంకా తీరలేదు. విద్యార్థి మిత్రులారా, ఇప్పుడు తరగతిలో 'ముద్దాయి' మాట వచ్చినపుడు మేము రెండు అర్థాలూ బల్లమీద వ్రాస్తున్నాం. ఇంటికి వెళ్లి పెద్దలకు చెప్పమంటున్నాం.