ఇంట్లోనే ఉంటాది

2011 ఫిబ్రవరిలో జనాభా లెక్కలకొచ్చినాయన మా అరుగు మీద కూర్చుని, ఆడవాళ్ళేం పని చేస్తారని అడిగాడు. "ఆమెదేముంది సార్, ఇంట్లోనే ఉంటాది" అన్నాడు నాయన. అమ్మ అప్పుడు వాకిట్లో విత్తనపు వడ్లు చెరుగుతోంది. కాలేజీలో స్త్రీల శ్రమ గురించి పాఠాలు చెప్పే నేను, ఆయన పెన్ను కదులుతుంటే చూస్తూ ఊరుకున్నాను.

మాది మైదుకూరు దగ్గర, కేసీ కాలువ కింద మూడెకరాల మడి. కడప జిల్లాలో వరేమిటి అంటారు చాలామంది. 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ నీళ్ళకూ, పడవలకూ అని తవ్వించడం మొదలుపెట్టి నష్టపోతే, 1882లో ప్రభుత్వం కొనుక్కున్న కాలువ ఇది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్ళు తీసుకుని నంద్యాల మీదుగా కడప దాకా వస్తుంది. పైవాళ్ళ మళ్ళు తడిశాక మిగిలితేనే మాకు. అందుకే మా ఏడాది ఉగాదితో కాదు, నీళ్ళు వదిలారన్న కబురుతో మొదలయ్యేది.

కబురు అందగానే అమ్మ వడ్లు నానబోసి, గోనెసంచిలో మండె కట్టేది. రాత్రి రెండుసార్లు లేచి సంచిలో చెయ్యి పెట్టి చూసేది. వేడెక్కువైతే మొలక కుళ్ళిపోతుంది. మడి దున్నడం, గట్లు వెయ్యడం నాయన పని. నారు పీకడం మొదలయ్యాక అంతా ఆడవాళ్ళదే. మునుం పట్టి వెనక్కి నడుస్తూ నాట్లేస్తే రాత్రికి నడుం నిలబడేది కాదు, వేళ్ళ సందులు పాసిపోయేవి. ఆ వేళ్ళతోనే మాకు సంగటి కెలికేది. తర్వాత రెండు కలుపులు. సంక్రాంతి అటూ ఇటూగా కోత, కుప్ప, నూర్పిడి. కోతకు మిషన్లు వచ్చి చాలా ఏళ్ళయింది. మా వైపు నాట్లకు వంగేది మాత్రం ఇప్పటికీ ఎక్కువగా ఆడవాళ్ళే.

2002 కరువులో మా మడిదాకా నీళ్ళు రాలేదు. కళ్ళముందే ఎండుతున్న నారును బతికించాలని అమ్మ వారం రోజులు బిందెలతో మోసి తడిపింది. దక్కలేదు. చివరికి కోసి గొడ్లకు వేశాం. ఏ తూము ఎప్పుడు తెరుస్తారో, ఎవరు రాత్రిపూట గండి కొడతారో ఊళ్ళో అందరికంటే ఆమెకే బాగా తెలుసు. కానీ 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చినప్పుడు మా ఇంటి ఓటు నాయనది. పాసుపుస్తకం ఆయన పేరున ఉంది మరి.

లెక్కలాయన వెళ్ళిపోయాక, "నువ్వు రైతువని రాయించకపోతిమే అమ్మా" అన్నాను.

"పోనీలే పాపా" అంది చేట మీంచి తలెత్తకుండా. "ముందు ఈ సంచి మూతి పట్టుకో. విత్తనంలో తాలు పడుతుంది."